ఆకాశపు పేను: ఇంట నిర్మించిన యొక చిన్న విమానము నేర్పిన పాఠము

మానవుడు పక్షులను జూచి తానును ఎగురగోరుట మిక్కిలి ప్రాచీనమైన కోరిక. ఆ కోరిక 1903 వ సంవత్సరము డిసెంబరు 17 వ తేదీన అమెరికాదేశమున రైటు సోదరుల చేతులమీదుగా నెరవేరెను. ఆ సోదరులు విద్యాలయములలో పట్టములు పొందినవారు కారు; సైకిళ్లు చేసి యమ్ముకొను దుకాణదారులు. కాబట్టి విమానము పుట్టినది పనిముట్ల కొట్టులోనే గాని రాజభవనములో గాదు. అయినను ముప్పది సంవత్సరములు గడచునప్పటికి అది సైన్యములకును, పెద్ద కంపెనీలకును, ధనికులకును మాత్రమే చెందిన వస్తువయ్యెను. సామాన్యుడు తల యెత్తి చూచి యానందింపవలసినదే గాని తాను అందు కూర్చుండుట కలలోని మాటయయ్యెను.

చేతిపని యెఱిగిన సామాన్యుడు తన యింటనే, తన పనిముట్లతోనే, ఒక చిన్న విమానమును కట్టుకొనలేడా? ఈ ప్రశ్నకు "కట్టుకొనగలడు" అని బదులు చెప్పి, వేలకొలది జనుల హృదయములను కదలించిన యొక ఫ్రెంచి దేశీయుని చరిత్రమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి. విద్యార్థులారా, ఇది విజయగాథ మాత్రమే కాదు. ఇందు ప్రాణనష్టము కలదు. ఆ నష్టమునకు కారణమును కనుగొనిన శాస్త్రపరీక్ష కలదు. మీరు వడ్రంగము నేర్చినను, వైద్యము నేర్చినను, ఉపాధ్యాయవృత్తి నవలంబించినను, ఈ చరిత్రమందలి పాఠము మీకు పనికివచ్చునని మా నమ్మకము.

ఇదివఱకు ప్రయత్నించినవారు

ఇంట విమానము కట్టవలెనను తలంపు ఆ ఫ్రెంచివానితోనే పుట్టలేదు. బ్రెజిలు దేశమున జన్మించి పారిసు నగరమున నివసించిన సాంతోస్ ద్యుమోఁ అను నాయన 1909 నాటికి "దెమ్వాసెల్" అను చిన్న విమానమును వెదురు మొదలగు తేలికవస్తువులతో నిర్మించెను. దానిపై హక్కును తనకే యుంచుకొనక, కోరినవారెల్లరు కట్టుకొనుడని దాని పటములను లోకమునకు విడిచెను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున చెర్రీ గ్రోవ్ అను చిన్న పల్లెయందు బెర్నార్డు పీటెన్‌పోల్ అను నతడు 1929 లో ఫోర్డు మోటారుకారు ఇంజనును కఱ్ఱతో చేసిన విమానమునకు బిగించి యిద్దరు కూర్చుండదగిన "ఎయిర్ కేంపర్" అను దానిని ఎగురవేసెను. ఆ పటములనుబట్టి ఎయిర్ కేంపరులను కట్టువారు నేటికిని కలరు.

వీరిద్దరును విమానమును తేలికపఱచిరి, చౌకపఱచిరి. మన కథానాయకుడు అంతటితో తృప్తిపడలేదు. విమానమును నడుపు పద్ధతినే మార్చి సులభము చేయవలెనని యతడు తలచెను. అతని కీర్తియు, అతని కష్టమును, రెండును ఈ తలంపునుండియే పుట్టినవి.

హెన్రీ మిన్యే

అతని పేరు హెన్రీ మిన్యే. అతడు 1893 లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. వృత్తిచేత రేడియో యంత్రములయందు నేర్పరి. బాల్యమునుండి అతనికి ఎగురుటపై మిక్కిలి మక్కువ. ఒకదాని తరువాత నొకటిగా తన చేతులతో అనేక నమూనాలు చేసెను. వానిలో కొన్ని నేల విడువనే లేదు. ఎనిమిదవ నమూనా మాత్రము చక్కగా నెగిరెను. దానిని చూచి మఱికొందఱు ఔత్సాహికులు అట్టివి కట్టుకొనిరి.

అయినను సాధారణ విమానమును నడుపుట మిన్యేకు సులభముగా తోచలేదు. అందు చేతులతో నొక కఱ్ఱను, కాళ్లతో రెండు మెట్లను ఏకకాలమున పొందికగా ఆడింపవలెను. పొందిక తప్పినచో, ముఖ్యముగా వేగము తగ్గినప్పుడు, విమానము ఒక ఱెక్కపై ఒరిగి, గిఱగిఱ తిరుగుచు నేలకు రాలును. ఆ దినములలో అనేకులు ఈ విధముగనే మరణించుచుండిరి. అందుచేత, నడుపువాడు పొరబడినను గిఱగిఱ తిరిగి పడని విమానమును కనిపెట్టవలెనని మిన్యే సంకల్పించెను. ఈ సంకల్పము మిక్కిలి మంచిదని యెల్లరు నంగీకరింపవలసినదే.

అట్లు పుట్టినదే అతని పదునాలుగవ నమూనా. అది 1933 వ సంవత్సరము సెప్టెంబరు 10 వ తేదీన మొదటిసారి ఎగిరెను. దానికి అతడు "పూ ద్యు సియెల్", అనగా "ఆకాశపు పేను" అని పేరు పెట్టెను. ఫ్రాన్సులో వీధులనిండ కనబడు చిన్న ఫోర్డు కార్లను జనులు పరిహాసముగా "దారి పేను" అనుచుండిరి. ఆ కారు సామాన్యునికి నేలమీద ఎట్టిదో, తన విమానము ఆకాశమున అట్టిది కావలెనని అతని భావము. ఆంగ్లేయులు దానిని "ఫ్లయింగ్ ఫ్లీ" అని పిలిచిరి.

దాని నిర్మాణము

ఆ విమానము చూచుటకు వింతగా నుండును. దేహము ప్లైవుడ్డు పలకలతో చేసిన యొక పొడుగుపాటి పెట్టె. దాని నిడివి సుమారు మూడున్నర మీటర్లు, అనగా మన తరగతి గదిలో నిమిడిపోవునంతటిది. మామూలు విమానమునకు ముందొక పెద్ద ఱెక్కయు, తోకయొద్ద నొక చిన్న అడ్డపలకయు నుండును. పేనునకు తోకపలక లేదు. దానికి బదులు ఒకదాని వెనుక నొకటిగా రెండు ఱెక్కలు కలవు. ముందు ఱెక్క సుమారు 6 మీటర్ల వెడల్పు గలదై నడుపువాని తలకు పైగా నుండును. వెనుక ఱెక్క అంతకంటె చిన్నది. అతని వీపునకు వెనుక, కొంచెము క్రిందుగా నుండును. ముందు ఱెక్క వెనుక యంచు వెనుక ఱెక్క ముందు యంచునకు దాపుగా వచ్చును. ఈ రెండంచుల నడుమ నొక సన్నని సందు ఏర్పడును. ఈ సందును జ్ఞాపకముంచుకొనుడు. కథ యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఱెక్కల లోపలి యస్థిపంజరము తేలిక కఱ్ఱ. పైన గుడ్డ కప్పి, బిగువు కలుగునట్లు లేపనము పూయుదురు. మొదటి పేనునకు 17 గుఱ్ఱముల శక్తిగల చిన్న ఇంజనును బిగించిరి. ఖాళీ విమానము బరువు సుమారు 100 కిలోగ్రాములు.  ఒక మనిషి అందు కూర్చుండి, ఇంధనము పోసికొనినను, మొత్తము బరువు దానికి రెండింతలు మాత్రమగును.

దీనిని కట్టుటకు ఏ పనిముట్లు కావలెను? రంపము, చిత్రిక, ఉలి, సుత్తె, తిరుగుడు మేకులు, జిగురు. ఇవి ప్రతి వడ్రంగి కొట్టులో నుండునవే. చెక్కపెట్టె యొకటి సరిగా చేయగలవాడు విమానమును కూడ చేయగలడని మిన్యే నొక్కి చెప్పుచుండెడివాడు.

నడుపు విధము

గాలిపటము ఎగురవేసిన ప్రతి బాలుడును ఒక సంగతి నెఱుగును. పటము గాలికి కొంచెము ఏటవాలుగా నిలిచినప్పుడు పైకి లేచును. వాలు తగ్గినచో దిగును. విమానపు ఱెక్కయు అంతే. ఱెక్కకును ఎదురుగాలికిని నడుమ నుండు కోణము కొంతవఱకు పెరిగినకొలది ఎత్తెడి బలము పెరుగును. ఆ కోణము మితిమీరినచో గాలి ఱెక్కపైభాగమును విడిచి చెదరిపోయి, ఎత్తెడి బలము హఠాత్తుగా తగ్గును. వేగము తగ్గిన విమానములు కూలుటకు కారణమిదియే.

మిన్యే తన ముందు ఱెక్కను దేహమునకు గట్టిగా బిగింపక, కీలుపై నిలిపెను. నడుపువాడు చేతికఱ్ఱను తనవైపునకు లాగినచో ఆ ఱెక్క వెనుక యంచు క్రిందికి దిగి కోణము పెరుగును, విమానము ముక్కెత్తును. కఱ్ఱను ముందుకు నెట్టినచో కోణము తగ్గి విమానము దిగును. అదే కఱ్ఱను ప్రక్కలకు త్రిప్పినచో వెనుక నున్న పెద్ద చుక్కాని తిరుగును. కాళ్లకు పని లేదు. ఒక్క చేయి చాలును.

మఱి సందు సంగతి యేమి? కోణము ఎక్కువైనప్పుడు ముందు ఱెక్క వెనుకనుండి చెదరిపోవలసిన గాలి, ఆ సన్నని సందుగుండ లాగబడి, వేగముగా వెనుక ఱెక్కపై ప్రవహించును. అందుచేత గాలి ఱెక్కలను విడువదు. నడుపువాడు కఱ్ఱను పూర్తిగా లాగి పట్టినను విమానము గిఱగిఱ తిరిగి పడక, మెల్లగా దిగుచుండును. మిన్యే కోరిన ఫలము సిద్ధించెను. అనేకుల ప్రాణములు తీసిన యొక యపాయమును అతడు తన విమానమునుండి తొలగించెను.

కీర్తి వ్యాపించుట

1934 లో మిన్యే తన విమానమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అందు పటములు, కొలతలు, నిర్మించు విధము, తనంతట తాను ఎగురుట నేర్చుకొను విధము, సమస్తమును వ్రాసెను. ఆ గ్రంథము ఫ్రాన్సు దేశమును ఉఱ్ఱూతలూగించెను. 1935 లో ఇంగ్లండులోని యొక వైమానిక సంఘమువారు దానిని ఆంగ్లమున ప్రకటించిరి. ఆ సంవత్సరము ఆగస్టులో మిన్యే స్వయముగా తన పేనునెక్కి, ఫ్రాన్సునకును ఇంగ్లండునకును నడుమ నున్న సముద్రపుపాయను దాటెను. అంతకు 26 సంవత్సరములకు ముందు, 1909 జులై 25 న, బ్లెరియో అను ఫ్రెంచి వీరుడు ఆ సముద్రమును మొదట దాటినప్పుడు లోకమంతయు ఆశ్చర్యపడెను. ఇప్పుడు ఇంట చేసిన పెట్టెలో కూర్చుండి యొకడు దానిని దాటగలిగెను.

ఇంక చెప్పవలసినదేమున్నది? గుమాస్తాలు, వడ్రంగులు, మోటారు బాగుచేయువారు, కళాశాలా విద్యార్థులు కూడ ఇంటి వెనుక పాకలలోను, బండ్ల కొట్టములలోను పేనులను కట్ట నారంభించిరి. ఇంగ్లండులోనే నూటికి మించిన పేనులు తయారయ్యెను. కొందఱు మోటారుసైకిలు ఇంజనులను, కొందఱు ఫోర్డుకారు ఇంజనులను మార్చి బిగించిరి. ఒకరి యింజను తేలిక, ఒకరిది బరువు. ఒకరు లావుపాటివారు, ఒకరు బక్కవారు. పుస్తకమొక్కటే యైనను, పుట్టిన విమానములలో ఏ రెండును సరిగా నొక్కటి కావు.

అపాయములు

1936 వ సంవత్సరము వచ్చునప్పటికి దుఃఖవార్తలు వినబడెను. పేనునెక్కిన యువకులు కొందఱు మరణించిరి. ఆ ప్రమాదములను చూచినవారు చెప్పిన తీరు ఇంచుమించు ఒక్కటియే. విమానము బాగుగనే యెగురుచుండెను. తరువాత ముక్కు కొంచెము క్రిందికి వంచి దిగసాగెను. ఆ దిగుట ఆగక, వాలు అంతకంతకు నిటారై, తుదకు నేలను గ్రుద్దుకొనెను. ఱెక్క విరిగినట్లు గాని, ఇంజను ఆగినట్లు గాని కనబడలేదు.

ఈ మరణములు సంభవించినప్పుడు జనులు రెండు తెగలైరి. "ఇంట చేసిన వస్తువు ఇంతే, సామాన్యులకు ఈ పిచ్చి యేల?" అని కొందఱనిరి. "విమానమున దోషము లేదు, మిన్యే ఎన్నిమారులు ఎగురలేదు? సముద్రము కూడ దాటెను గదా! మరణించినవారు నడుపలేక మరణించిరి" అని మఱికొందఱు వాదించిరి. విద్యార్థులారా, ఈ రెండు మాటలలో ఏదియు పరీక్షించి చెప్పినది కాదు. మొదటిది బీదవాని పనిపై చులకన భావము. రెండవది తమకు ప్రియమైన వస్తువుపై గ్రుడ్డినమ్మకము. మరణించినవారు ఇంక మాటలాడలేరు. వారిపై తప్పు మోపుట మిక్కిలి సులభము. నిజము తెలియవలెనన్న వేఱొక మార్గము కావలసియుండెను.

గాలి సొరంగమున పరీక్ష

ఆ మార్గము గాలి సొరంగము. నిలిచిన గాలిలో విమానము పరుగెత్తినను, నిలిచిన విమానముపైకి గాలి పరుగెత్తినను, ఱెక్కలపై కలుగు బలము ఒక్కటే. కావున పెద్ద గొట్టమువంటి గదిలో ఒక ప్రక్కనుండి బలమైన పంకాతో గాలిని వీచి, నడుమ విమానమును నిలిపి, త్రాసులతో దానిపై పనిచేయు బలములను తూచెదరు. ఎవరి ప్రాణమునకును భయము లేదు. ఎగురునప్పుడు చేయరానంత వాలుగా కూడ విమానమును నిలిపి కొలువవచ్చును.

1936 లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో 24 అడుగుల వ్యాసముగల గాలి సొరంగమునందును, ఫ్రాన్సులోని షాలే మ్యుదోఁ నందలి పెద్ద సొరంగమునందును, పూర్తి పరిమాణముగల పేనును నిలిపి పరీక్షించిరి. ఫలము స్పష్టముగా తేలెను. విమానము ముక్కు సుమారు 15 డిగ్రీలకు మించి క్రిందికి వంగినచో, చేతికఱ్ఱను పూర్తిగా వెనుకకు లాగినను ముక్కు పైకి లేవదు. ముక్కెత్తుటకు నడుపువాడు చేయు ప్రయత్నమే కొన్ని స్థితులలో ముక్కును మఱింత క్రిందికి నెట్టును.

ఇది యెట్లు సంభవించును? దీనిని పై తరగతులవారు లెక్కతో గ్రహింపవచ్చును. ఒక బలమును, అది పనిచేయు చోటికిని గురుత్వకేంద్రమునకును గల దూరముతో గుణించినచో వచ్చు ఫలమును భ్రామకమందుము. త్రాసుకాడపై తేలికరాయి దూరముగా నుండి బరువురాతితో తూగుట ఈ నియమమువలననే. ఈ క్రింది యంకెలు పాఠమునకై మేము ఎంచుకొనినవే గాని సొరంగమున కొలిచినవి కావు.

విమానము మొత్తము బరువు 210 కిలోగ్రాములనుకొందము. ముందు ఱెక్క ఎత్తెడి బలము గురుత్వకేంద్రమునకు 40 సెంటీమీటర్లు ముందును, వెనుక ఱెక్క బలము 80 సెంటీమీటర్లు వెనుకను పనిచేయుచున్నవనుకొందము. ముందు ఱెక్క 140 కిలోగ్రాములను, వెనుక ఱెక్క 70 కిలోగ్రాములను మోసినచో, 140 ని 40 తో గుణింపగా 5600. 70 ని 80 తో గుణింపగా 5600. రెండును సమానము. విమానము తూకముగా నిలుచును.

ఇప్పుడు ముక్కెత్తవలెనని నడుపువాడు కఱ్ఱను లాగెననుకొందము. ముందు ఱెక్క బలము 10 కిలోగ్రాములు పెరిగి 150 అయ్యెను. వెనుక ఱెక్క మాఱనిచో ముందు భ్రామకము 6000, వెనుకది 5600, ముక్కు లేచును. మామూలుగా జరుగునదిదే. కాని ముక్కు వంచి వేగముగా దిగుచున్నప్పుడు, ముందు ఱెక్క వెనుక యంచు క్రిందికి వచ్చుటచేత సందు బిగిసి, దానిగుండ గాలి వడిగా పాఱి వెనుక ఱెక్కను కూడ బలముగా పైకి లాగును. ఆ ఱెక్క బలమును 10 కిలోగ్రాములు పెరిగి 80 అయినచో, దాని భ్రామకము 6400. ముందుది 6000 మాత్రమే. తోక లేచును, ముక్కు దిగును. భయపడిన నడుపువాడు ఇంకను గట్టిగా లాగును. లాగినకొలది తోకయే లేచును.

విద్యార్థులారా, ఇచ్చట నిలిచి యాలోచింపుడు. వేగము తగ్గినప్పుడు ప్రాణరక్షకమైన సందు ఏదో, వేగముగా దిగునప్పుడు ప్రాణహరమైనదియు అదే. మిన్యే ఒక యపాయమును తప్పింప జేసిన యేర్పాటే వేఱొక యపాయమునకు ద్వారమయ్యెను. అతడు మోసగాడు కాడు, అజాగ్రత్తపరుడును కాడు. తాను ఎగిరినన్ని మారులును అతడు ఆ పదునైదు డిగ్రీల హద్దుకు ఈవలనే యుండెను. హద్దుకు ఈవల నూఱు మారులు క్షేమముగా ఎగిరినను, హద్దునకు ఆవల నేమున్నదో దానివలన తెలియదు. బరువైన ఇంజనును బిగించినవారికిని, కూర్చుండు చోటు మార్చినవారికిని గురుత్వకేంద్రము కదలుటచేత ఆ హద్దు మఱింత దగ్గఱకు వచ్చియుండవచ్చును. వారిలో నెవరును దానిని కొలిచి చూచుకొనునంత జ్ఞానముగాని సాధనములుగాని కలవారు కారు.

దిద్దుబాటు

పరీక్షాఫలములు తెలిసినపిమ్మట ప్రభుత్వములు దిద్దుబాటు లేని పేనులకు ఎగురుటకు అనుమతి నిరాకరించెను. పాకలలో సగము కట్టిన ఱెక్కలు ధూళి పట్టెను. ఉత్సాహము వచ్చినంత వేగముగనే చల్లారెను. ఎన్నో మాసములు శ్రమపడి కట్టుకొనిన యువకుని మనస్సు ఎంత బాధపడియుండునో మనము ఊహింపవచ్చును. అయినను ఆ నిషేధము వారికి చేసిన మేలు వారి బాధకంటె గొప్పది.

మిన్యే తన పనిని విడువలేదు. పరీక్షలు చెప్పినదానిని విని విమానమును దిద్దెను. గురుత్వకేంద్రమును ముందునకు జరుపుట, రెండు ఱెక్కల నడిమి యెడమును మార్చుట, ఱెక్క ఆకృతిని సవరించుట, ముందు ఱెక్కను త్రిప్పు త్రాళ్లకు బదులు గట్టి కడ్డీలను అమర్చుట, ఇవి దిద్దుబాటులలో ముఖ్యమైనవి. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అతడును అతని శిష్యులును రెండు ఱెక్కల పద్ధతిపైననే అనేక కొత్త నమూనాలను చేసి క్షేమముగా ఎగిరిరి. మిన్యే 1965 లో మరణించెను. అతని పద్ధతి మరణింపలేదు. ఫ్రాన్సులో అట్టి విమానములను కట్టి యెగురువారు నేటికిని కలరు. తొలినాటి పేనులు ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల వస్తుప్రదర్శనశాలలలో భద్రపఱుపబడియున్నవి.

మనము నేర్వదగినది

ఈ చరిత్రమును చదివి, "చేతిపనివాడు పెద్ద ప్రయత్నములు చేయరాదు" అని యెవరైన నిశ్చయించినచో వారు పాఠమును తలక్రిందుగా చదివినవారగుదురు. దోషము వడ్రంగిపనిలో లేదు. ప్రమాదము పొందిన విమానములలో ఱెక్కలు విరిగి పడినందున గాదు, బలముల తూకము చెడినందున మరణములు కలిగెను. జిగురు పట్టినది, మేకు నిలిచినది, తెలియనిది లెక్క. కావున మన పాఠశాలలో కొట్టులో పని నేర్చుకొను బాలుడు గణితపు గంటను వ్యర్థమని తలపరాదు. గణితములో మొదటివాడుగా నుండు బాలుడు కొట్టులో పనిని తక్కువగా చూడరాదు. ఈ రెంటిని విడదీసిన చోటనే మనుష్యులు చనిపోయిరి.

రెండవ సంగతి. "ఇన్నాళ్లు ఏమియు కాలేదు గదా" అను మాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. పాత మిద్దె ఇన్ని వానలకు నిలిచెను గదా. బావికి గట్టులేకున్నను ఎవరును పడలేదు గదా. పడవలో ఇంకను నలుగురిని ఎక్కించుకొన్నను నిన్న మునుగలేదు గదా. మిన్యే అనుచరులు చెప్పిన మాటయు ఇదియే. జరుగకుండుట క్షేమమునకు సాక్ష్యము కాదు. హద్దు ఎచ్చట నున్నదో ముందుగా కొలిచి తెలిసికొనుటయే క్షేమము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానమును మీరు బైబిలు తరగతిలో విన్నారు. ధనము లెక్కకే కాదు, ప్రాణముల లెక్కకును అది వర్తించును.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది. మంచి సంకల్పము పరీక్షనుండి మనలను తప్పింపదు. మిన్యే బీదవానికి ఱెక్కలీయ గోరెను. ఆ కోరిక స్వచ్ఛమైనది. అయినను గాలి అతని కోరికను చూడలేదు. ఱెక్కను మాత్రమే చూచెను. ఇతరులకు మేలు చేయ గోరువారు, తాము మేలు చేయ గోరుచున్నామను సంతోషముచేతనే తమ పనిని తూచి చూచుకొనుట మఱచిపోవుదురు. ఉపాధ్యాయులమైన మాకును, బిడ్డలను పెంచు తలిదండ్రులకును ఈ హెచ్చరిక చెందును. మన మాటను నమ్మి ఇతరులు అడుగు వేయునప్పుడు, ఆ నేల గట్టిదో కాదో ముందుగా త్రొక్కి చూచుట మన విధి.

మీలో ఎవరైన రేపు ఇంజనీరులై, వైద్యులై, ఒక కొత్త సాధనమును కనిపెట్టవచ్చును. అప్పుడు దాని గుణములను చెప్పువారు మీ చుట్టు అనేకులుందురు. దాని దోషమును వెదకువానిని మీరే పిలిచి కూర్చుండబెట్టుకొనుడు. అతడే మీకు నిజమైన స్నేహితుడు.

పై తరగతులవారికి ప్రశ్నలు

1. పై లెక్కలో విమానము బరువు 210 కిలోగ్రాములే యుండి, గురుత్వకేంద్రము 20 సెంటీమీటర్లు వెనుకకు జరిగినచో, తూకము నిలుచుటకు ఒక్కొక్క ఱెక్క ఎంత బరువు మోయవలెను?

2. అడుగుబద్ద నొకదానిని పెన్సిలుపై నిలిపి, రెండు ప్రక్కల వేఱువేఱు సంఖ్యల నాణెములుంచి, తూకము నిలుచు దూరములను వ్రాసికొనుడు. భ్రామక నియమము సరిపోవుచున్నదేమో చూడుడు.

3. మీ యింటగాని, మీ వీధిలోగాని "ఇన్నాళ్లు ఏమియు కాలేదు" అను మాటపై నిలిచియున్న వస్తువు నొకదానిని కనిపెట్టి, దాని హద్దును అపాయము లేకుండ ఎట్లు పరీక్షింపవచ్చునో పెద్దలతో ఆలోచించి వ్రాయుడు.